బిలం దాకా వెళ్ళి తిరిగొచ్చిన కుందేళ్ళు

కాశీకి వెళ్ళినవారు తమకు ఇష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలి రావడం మన పెద్దల ఆచారం. మా తాతగారు కాశీలో వంకాయ వదిలివచ్చి, ఆ తరువాత జీవితమంతా పక్క విస్తరిలోని గుత్తివంకాయ వైపు ఓరచూపులు చూస్తూ గడిపారని మా నాయనమ్మ చెప్పేది. పోయిన సంవత్సరం మృగశిర కార్తెలో మేము నంద్యాల నుంచి బెలుం గుహలకు బయలుదేరినది కూడా ఇంచుమించు అటువంటి సంకల్పంతోనే. కాకపోతే మేము వదలదలచినది వంకాయ కాదు; ఆరు కుందేళ్ళు. అవి మీకు ఇష్టమైనవేనా అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. ఒకప్పుడు ఇష్టమైనవే.

ఈ కథకు నాంది పలికినవాడు మా బావమరిది. అంతకుముందు దసరాకు వచ్చినవాడు, మేనకోడలి పుట్టినరోజు కానుకగా చెప్పుల అట్టపెట్టెలో రెండు తెల్ల కుందేలు పిల్లలను తెచ్చి మా అమ్మాయి ఒళ్ళో పెట్టాడు. దూదిపింజల వంటి ఆ రెండూ ఆడవేనని అమ్మినవాడు ప్రమాణం చేశాడట. పదేళ్ళ పిల్ల ఆనందం చూసి నేనేమీ అనలేకపోయాను. మొదటి నెలంతా ఇంటిల్లిపాదికీ అదే లోకం. కాలేజీ నుంచి వస్తూ నేను కారెట్లు కొనుక్కువచ్చేవాణ్ణి. మా ఆవిడ పట్టుచీర కొంగు కొరికినా నవ్వి ఊరుకున్నది.

రెండో నెలలో వాసన మొదలయింది. మూడో నెలలో కరెంటు తీగ ఒకటి తెగింది. నాలుగో నెలలో అవి డాబా మీదికి, రేకుల కింద ఉన్న ఇనుప బోనులోకి మారాయి. ఉగాది దాటిన తరువాత ఒక తెల్లవారుజామున ఆ "ఆడ" కుందేళ్ళలో ఒకటి తన బొచ్చు తానే పీకి పక్క అమర్చుకొని అయిదు పిల్లలను కన్నది. పాలు పోసే ఆమె చెప్పబట్టి రెండోదాన్ని వేరే పెట్టెలోకి మార్చాము; లేకపోతే కుందేలు ఈనిన రోజునే మళ్ళీ చూలు కట్టగలదని మాకేం తెలుసు? నెల తిరిగేసరికి మరొక ఈత!

అప్పటికి మా అమ్మాయికి పరీక్షలు, నాకు పేపర్లు దిద్దే పని, మా ఆవిడకు వాళ్ళ అన్నగారింట పెళ్ళి. పొద్దున ఎవరో ఒకరు పైకి వెళ్ళి మేత పడవేసి వచ్చేవారు. ఎవరో ఒకరు అంటే అర్థం తెలిసినదే. నువ్వు వెళ్ళావని నేను, నేను వెళ్ళానని నువ్వు. మే నెలలో ఒకనాటి మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చి, బట్టలు తీయడానికని డాబా ఎక్కాను. రేకులు పెనంలా కాలుతున్నాయి. నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉన్నది. ఆరు కుందేళ్ళు నోళ్ళు తెరచి రొప్పుతున్నాయి. ఏడవది, పిల్లలన్నిటిలోకీ చిన్నది, బోనులో ఒక మూల చెవులు చాచి పడుకొని ఉన్నది. అది రొప్పడం లేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అనవలసినవాళ్ళు ముగ్గురూ, పడవలసినవాళ్ళు కూడా ముగ్గురే.

బోను కిందికి దిగింది. వరండాలో చల్లని చోట స్థిరపడింది. కాని ఆనాటి నుంచి ఆ జంతువుల వైపు చూడడమే కష్టమయింది నాకు. మన తప్పు ఎదురుగా కూర్చొని గడ్డి నములుతూ ఉంటే చూడలేము కదా. ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నది మా ఆవిడ. సరిగ్గా అప్పుడే మా కాలేజీలో చరిత్ర చెప్పే మిత్రుడొకడు మార్గం చూపించాడు. "బెలుం దగ్గర వదిలెయ్యవోయ్! బయలు చేలు, ఎక్కడ చూసినా బొరియలు. ఆ చుట్టుపక్కల కుందేళ్ళు ఎట్లాగూ ఉండనే ఉన్నాయి. వాటి జాతిలో అవి కలిసిపోతాయి. బోను కంటె స్వేచ్ఛ మేలు కాదా?"

స్వేచ్ఛ అన్న మాట వినగానే నా గుండె మీద బరువు సగం దిగింది. తెలుగు మేష్టరిని, మంచి మాటకు లొంగిపోవడం నా వృత్తిలోనే ఉన్నది. పైగా బెలుం గుహలు చూపిస్తానని అమ్మాయికి మాట ఇచ్చి మూడేళ్ళయింది.

తొలకరి పడిన మరుసటి ఆదివారం, ఇంకా చీకటి ఉండగానే బయలుదేరాము. మూత ఉన్న పెద్ద వెదురుబుట్టలో తల్లి, నాలుగు పిల్లలు. మరొక చిన్న బుట్టలో తండ్రి. బస్సు ఎక్కగానే కండక్టరు బుట్ట కన్నాల్లోంచి తొంగి చూసి, "వీటికి ఫుల్లు కొట్టాల్నా, ఆఫు కొట్టాల్నా సార్?" అన్నాడు. బస్సంతా నవ్వింది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ప్రయాణం సంగతి చెప్పినప్పటి నుంచి అది నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నది.

పాణ్యం దాటి బనగానపల్లె చేరేసరికి తెలతెలవారింది. ఒకప్పుడు ఇది నవాబుల సంస్థానం. 1948లో భారతదేశంలో కలిసింది. సంస్థానం పోయినా దాని పేరు మోస్తున్న మామిడిపండు మాత్రం ఇంకా రాజ్యమేలుతూనే ఉన్నది. అక్కడ బస్సు మారి కొలిమిగుండ్ల వైపు సాగితే భూమి వేషం మారిపోతుంది. ఎటు చూసినా నాపరాయి. గనుల్లోంచి తీసిన బండలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. ఇళ్ళకు అదే నేల, అదే గోడ, చేలకు అదే కంచె. ఈ సున్నపురాతి పొరల కిందనే నీరు లక్షల ఏళ్ళు రాతిని కరిగించి, తొలిచి బెలుం గుహలను చేసింది. బిలం అన్న సంస్కృతపదమే జనం నోట నలిగి బెలుం అయింది.

బస్సు దిగిన చోట నుంచి చూస్తే గుహ అన్న ఆనవాలే లేదు. కొండ లేదు, కోన లేదు. చదునైన నేల, కొంచెం దూరంలో గుట్ట మీద తెల్లని బుద్ధ విగ్రహం, సుమారు నలభై అడుగులు ఉంటుంది. బౌద్ధ భిక్షువులు ఒకప్పుడు ఈ గుహల్లో నివసించారని చెప్పడానికి దొరికిన ఆనవాళ్ళు అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి. ఆ విగ్రహాన్ని చూడగానే నాకు జాతకకథల్లోని కుందేలు గుర్తుకొచ్చింది. ఆకలిగొన్న అతిథికి పెట్టడానికి తన దగ్గర ఏమీ లేక తన శరీరాన్నే నిప్పుల్లోకి విసిరిన కుందేలది. దాని త్యాగం లోకానికి తెలియాలని ఇంద్రుడు చంద్రునిపై దాని బొమ్మ గీశాడట. మనమేమో చంద్రుణ్ణి శశాంకుడని పిలుచుకుంటున్నాము. అంతటి కథ అమ్మాయికి చెబుదామని నోరు తెరిచి, చేతిలోని బుట్టను చూసుకొని మూసుకున్నాను.

వేపచెట్టు కింద ఒక అవ్వ దోసకాయ ముక్కలు, ఉప్పూకారం పెట్టుకొని కూర్చున్నది. డెబ్బై దాటి ఉంటాయి.

"ఏంది సామీ బుట్టలో? కోళ్ళా?"

"కుందేళ్ళవ్వా."

"అమ్మనీకా?"

"కాదు. ఈ చేలల్లో వదులుదామని తెచ్చినాము."

అవ్వ చేతిలో కత్తిపీట మీద దోసకాయ ఆగిపోయింది. "వదిలినాక మీరు యాడుంటారు?"

"మేమా? సాయంత్రం బస్సుకు ఊరికి పోతాము."

"అట్లయితే ఇడుపు మీకు గాని, వాటికి గాదు," అన్నది అవ్వ.

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద అర్థం నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ఏదో సర్దిచెప్పబోయాను. "ఇక్కడ కుందేళ్ళు ఉంటాయంట గదా అవ్వా, వాటితో కలిసి..."

"ఉండేది చెవులపిల్లి సామీ. అది వేరే, ఇది వేరే. మా ఇంటాయన గొర్లు కాసినన్నాళ్ళు నేనూ ఈ చేలమ్మటే తిరిగినా. మట్టి రంగుది, పక్కనే కూచున్నా మనకి కానరాదు. దాని పిల్ల పుట్టంగానే కండ్లు తెరుస్తాది. ఇవేమో సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాయి. కింద కుక్కలు, పైన గద్దలు. పోయినేడు ఎవురో పట్నమోళ్ళు రెండింటిని ఇడ్సిపోయినారు. అవి యాడికీ పోల్యా. మనిషి కనపడితే చాలు, మేత పెడతారనుకోని దగ్గరికొచ్చేవి. మూడో దినానికి రెండూ ల్యా."

మా అమ్మాయి బుట్టను తన వైపు లాక్కున్నది. అవ్వ లేచి ఒక గోనెసంచి తడిపి బుట్టల మీద కప్పింది. "ఈడ నీడన ఉంటాయి. మీరు బిలం చూసి రాండి. ముందు చూసిరాండి, మాటలు తరవాత."

టిక్కెట్లు తీసుకొని బావి వంటి పెద్ద గోతిలోకి మెట్ల మీదుగా దిగాము. పొలాల మధ్య ఇటువంటి గోతులు మూడు ఉన్నాయి. నడిమిది ప్రధాన ద్వారం. ఇరవై మీటర్లు కిందికి దిగిన తరువాత దారి చదునవుతుంది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందరూ తిరిగేందుకు దీపాలు పెట్టి బాట వేసినది అందులో కొంత మాత్రమే. లోపలికి వెళ్ళినకొద్దీ ఉక్క. గాలి ఆడడానికి గొట్టాలు అమర్చారు. వాటి కింద నిలబడితే ప్రాణం లేచివస్తుంది, రెండడుగులు ఇవతలికి వస్తే చొక్కా వంటికి అంటుకుపోతుంది.

మాతో వచ్చిన గైడు నడివయస్కుడు, మాట నెమ్మది. సింహం తల వలె తోచే సింహద్వారం చూపించాడు. పైకప్పు నుంచి శివలింగాల వలె వేలాడే సున్నపురాళ్ళ కోటిలింగాలు చూపించాడు. ఊడలమర్రి దగ్గర మా అమ్మాయి కోపం కొంచెం మరచిపోయింది. రాతిస్తంభం చుట్టూ ఊడలు దిగినట్టే ఉంటుంది అక్కడ. పడగలెత్తిన పాముల వలె అల్లుకున్న కప్పు, తడితే లోహంలా మోగే రాళ్ళున్న సప్తస్వరాల గుహ, అన్నీ చూశాము. చిట్టచివర మెట్లు దిగి పాతాళగంగ చేరాము. ప్రవేశం నుంచి లెక్కవేస్తే నలభై ఆరు మీటర్ల లోతు. ఎండాకాలంలో కూడా ఇంకని సన్నని ధార ఒకటి రాతిలోంచి వచ్చి రాతిలోకే మాయమవుతుంది.

అక్కడ కూర్చొని నుదుటి చెమట తుడుచుకుంటుండగా గైడు ఈ గుహ కథ చెప్పాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దీనిని గురించి మొదట రాశాడు. మన దేశపు రాతియుగాన్ని వెలికితీసినవారిలో ఆయనే ఆద్యుడు. ఆ తరువాత దాదాపు నూరేళ్ళు దీని మొహం చూసినవాడు లేడు. 1982, 83లలో డేనియల్ గెబౌయర్ అనే జర్మను పరిశోధకుడు తన బృందంతో వచ్చి పాకుతూ, దేకుతూ లోపలంతా కొలిచి పటం గీశాడు.

"మరి ఆ నూరేళ్ళూ ఏం చేసినారు దీన్ని?" అని అడిగింది మా అమ్మాయి.

గైడు కొంచెం నవ్వాడు. "చెత్త వేసినామమ్మా. చుట్టుపక్కల ఊళ్ళ చెత్తంతా ఈ గోతుల్లోనే. 1980ల చివరి దాకా అదే వరస. ఎం. నారాయణరెడ్డి అని పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన ఆయన, ఇంకా కొందరు ఊరివాళ్ళు పూనుకొని, ఇది చెత్తకుప్ప కాదు, దీన్ని చూసుకోవాలి అని వెంటపడినారు. 1999లో టూరిజం వాళ్ళు తీసుకున్నారు. మట్టి, చెత్త ఎత్తించి, బాట వేసి, లైట్లు పెట్టి, 2002లో తెరిచినారు."

దీపాల బాటకు అవతల ఒక సన్నని బిలం నల్లగా నోరు తెరుచుకొని ఉన్నది. గైడు టార్చి వేశాడు. వెలుగు కొంత దూరం పోయి ఆగిపోయింది. మా అమ్మాయి అటే చూస్తూ మెల్లగా అడిగింది: "నాన్నా, మన కుందేళ్ళు భయపడి ఇట్లాంటి గోతిలోకి పోతే, మళ్ళీ ఎవరు పిలుస్తారు?"

నేను జవాబు చెప్పలేదు. నా వీపు మీద చెమట కారుతున్నది. మే నెల మధ్యాహ్నం రేకుల కింద ఆ చిన్నదానికి ఎట్లా ఉండి ఉంటుందో నాకు మొదటిసారి ఒంటికి తెలిసింది. నాకు కనీసం చెమట పడుతుంది. కుందేటికి చెమట పట్టదు. ఆ సంగతి తరువాత తెలుసుకున్నాను.

ఈ గుహలో నాలుగు గంటల క్రితం వరకు నేను చేయదలచినదేమిటి? చూసుకోలేని దానిని గోతిలో పారేయడం. ఈ ఊరివాళ్ళు నూరేళ్ళు చేసినదీ అదే. వాళ్ళు మానివేసిన పని నేను బస్సు టిక్కెట్టు కొనుక్కొని వచ్చి మొదలుపెట్టబోయాను.

పైకి వచ్చి బుట్టలు ఎత్తుకున్నాము. అవ్వ ఏమీ అడగలేదు. గోనె మళ్ళీ తడిపి ఇచ్చింది. తిరుగు బస్సులో అమ్మాయి బుట్ట ఒళ్ళో పెట్టుకొని నా భుజం మీద నిద్రపోయింది.

ఇక అసలు పని మొదలయింది. చదువరుల్లో మా వంటి కుటుంబాలు ఉండకపోవు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

తిరుపతిలో పశువైద్యం చదువుతున్న మా చెల్లెలి కూతురికి ఫోను చేస్తే ముందు అరగంట చీవాట్లు పెట్టింది. తరువాత పాఠం చెప్పింది. మనం కుందేలు అనే ఒక్క పేరుతో పిలిచేవి రెండు వేరువేరు జంతువులు. మన చేలలో తిరిగే చెవులపిల్లి ఈ దేశపుది. అది బొరియ తవ్వదు; గడ్డి దుబ్బుల్లో ఒదిగి పడుకుంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. బోనుల్లో అమ్మే తెల్ల కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అవి బొరియల్లో బతికేవి; పిల్లలు గుడ్డిగా, బొచ్చు లేకుండా పుడతాయి. రెంటికీ సంపర్కమే కుదరదు, ఇక జాతిలో కలవడం ఎక్కడిది! మా చరిత్ర మిత్రుణ్ణీ నన్నూ కూడా మోసం చేసినది తెలుగు నిఘంటువులోని ఒక్క మాట.

"పోనీ, ఎట్లాగో బతికి పిల్లల్ని పెట్టాయే అనుకో మామయ్యా, అప్పుడు ఇంకా అన్యాయం," అన్నది. 1859లో ఆస్ట్రేలియాలో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట వినోదానికని ఇంగ్లండు నుంచి ఓ రెండు డజన్ల కుందేళ్ళను తెప్పించి వదిలాడు. కొన్ని దశాబ్దాల్లో అవి ఖండమంతా పాకి పచ్చిక బయళ్ళను బోడి చేశాయి. వాటిని ఆపడానికి పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 వరకు మూడు కంచెలు కట్టారు. మొత్తం మూడు వేల కిలోమీటర్ల పైమాట. అయినా కుందేళ్ళు ఆగలేదు. అంటే మనం వదిలిన చోట కుందేలైనా చావాలి, నేలైనా చావాలి. ఇంతకూ పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలివేయడం మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

పెంపకం విషయంలోనూ మేము చేసినవన్నీ తప్పులేనని తేలింది. కుందేటి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి నమిలితేనే అరుగుతాయి. కనుక దాని అసలు భోజనం గడ్డి. కారెట్టు మనకు లడ్డు వంటిది, ఎప్పుడైనా ఒక ముక్క. చెవులు పట్టి ఎత్తరాదు. వెనుక కాళ్ళ కింద చేయి ఆనించకపోతే అది తన్నుకొని వెన్ను విరుగుతుంది. ఒంటి వేడి చెవుల ద్వారా పోవలసిందే కనుక ముప్పై డిగ్రీలు దాటితే దానికి గండం. మన నంద్యాల ఎండ సంగతి చెప్పనే అక్కరలేదు. నేలను వెనుక కాలితో దబదబ కొడితే భయపడిందని అర్థం. డాబా మీద నుంచి ఎన్నో రాత్రులు ఆ చప్పుడు విని, పక్కింటివాళ్ళు ఏదో దంచుతున్నారనుకున్నాము. అన్నిటికంటె పెద్ద మాట: సరిగా చూసుకుంటే అది ఎనిమిది పదేళ్ళు బతుకుతుంది. పుట్టినరోజు కానుక ఇచ్చేటప్పుడు ఆ పిల్ల కాలేజీకి వెళ్ళేదాకా ఇస్తున్నామని ఎవరూ అనుకోరు.

అమెరికాలో ఇటువంటి అనాథ కుందేళ్ళకు ఇళ్ళు వెతకడానికే 1988లో కాలిఫోర్నియాలో హౌస్ రాబిట్ సొసైటీ అని ఒక సంఘం పెట్టారు. మన హైదరాబాదులో 1992లో అమల అక్కినేని స్థాపించిన బ్లూ క్రాస్ దిక్కులేని జంతువులను ఆదుకుంటున్నది. మా వీధిలో అటువంటి సంఘమేదీ లేదు. కనుక మా వరండాయే సంఘం, మా అమ్మాయే కార్యదర్శి. నోటుపుస్తకంలో గీతలు గీసి ప్రశ్నలు రాసింది: "ఎండాకాలం ఎక్కడ పెడతారు? ఊరికి పోతే ఎవరు చూస్తారు? ఇంట్లో కుక్క ఉందా? విసుగు పుడితే ఏం చేస్తారు?" చివరి ప్రశ్నకు సరైన జవాబు ఒకటే: "మీకే తెచ్చి ఇస్తాము." అది తప్ప మరేది చెప్పినా ఇవ్వకూడదని దాని శాసనం.

మాట నలుగురికీ తెలిశాక మొదట వచ్చిన పెద్దమనిషి చాలా ఆప్యాయంగా పెద్ద కుందేటిని చేతుల్లోకి తీసుకొని, పైకీ కిందికీ ఊపి, "ఎంత తూగుతుంది సార్?" అన్నాడు. మా ఆవిడ ఆయన చేతుల్లోంచి దాన్ని అందుకొని, కాఫీ కూడా ఇవ్వకుండా పంపింది. మా ఇంటి చరిత్రలో అది మొదటిసారి.

రెండవసారి వచ్చినవారిని కాదనడం కష్టమయింది. చక్కని దంపతులు, కొడుకు పుట్టినరోజుకు ఒక్క పిల్ల కావాలన్నారు. ఎక్కడ పెడతారంటే, "డాబా మీద చోటున్నది" అన్నారు. అమ్మాయి నోటుపుస్తకం మూసేసింది. వాళ్ళు నొచ్చుకొని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిది నెలల క్రితం మేము సరిగ్గా ఆ దంపతులమే కదా! మరునాడు వాళ్ళింటికి నేనే వెళ్ళి, డాబా మీద మాకు జరిగినదంతా దాచకుండా చెప్పివచ్చాను. వాళ్ళు కుందేటిని తీసుకోలేదు గాని, అప్పటి నుంచి బజార్లో కనబడితే ఆగి మాట్లాడుతున్నారు.

శ్రావణమాసానికి పిల్లల ఆడ మగ తేటతెల్లమయింది. రెండు ఆడవి, రెండు మగవి. మగవాటిలో ఒకటి మా ఊళ్ళోనే రిటైరయిన ఒక మేష్టరుగారింటికి వెళ్ళింది. వారిది పాతకాలపు మట్టిమిద్దె. మే నెలలో కూడా లోపల కుండలో నీళ్ళు పెట్టినంత చల్లగా ఉంటుంది. కొత్త డాబాలు కట్టుకొని మనం పోగొట్టుకున్నదేమిటో ఒక కుందేటి కోసం ఇల్లు వెతికితేగాని నాకు తెలియలేదు. రెండో మగదాన్ని తిరుపతిలో మా మేనకోడలు దగ్గర పెట్టుకున్నది.

అక్కచెల్లెళ్ళు రెండూ ఆళ్ళగడ్డ చేరాయి. ఆళ్ళగడ్డ అంటే అహోబిల నారసింహుని దర్శించేవారికి మజిలీ. రాతికి ప్రాణం పోసే శిల్పుల ఊరు. మా కాలేజీలో చదివిన అమ్మాయి ఒకతె అక్కడ శిల్పుల ఇంటి కోడలు. మాట తెలిసి తానే అడిగింది. ఉలి చప్పుడుకు బెదురుతాయేమోనని మాకు అనుమానం. చూసి ఇద్దామని మేమే వెళ్ళాము. రోడ్డు పక్క పందిళ్ళ కింద సగం పుట్టిన దేవుళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఉలి, సుత్తె చప్పుడు ఎడతెగకుండా వినిపిస్తున్నది. కాని వారి ఇల్లు పని చేసే చోటికి ఒక వీధి అవతల. పెరట్లో బాదంచెట్టు నీడన, నాపబండలు పరిచిన చల్లని గది వాటి కోసం ఖాళీ చేసి ఉంచింది. కార్యదర్శి గది నాలుగు మూలలూ చూసి, చివరి ప్రశ్న అడిగింది. ఆ ఇంటి పెద్దాయన మనవరాలితో మాట్లాడినట్టు, "విసుగెందుకొస్తుంది తల్లీ? మేము ఒక్కో రాయితో రెండేసేండ్లు కూచుంటాం," అన్నాడు. పుస్తకంలో లేని జవాబు. అయినా మా అమ్మాయి ఒప్పుకున్నది.

మిగిలినవి తల్లీ తండ్రీ. తండ్రికి తిరుపతి పశువుల ఆస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషను జరిగింది. ఆ తరువాత కూడా నెల రోజుల పైన వేరుగా ఉంచాలన్నారు, ఉంచాము. ఇప్పుడు రెండూ మా ఇంట్లోనే, నా పుస్తకాల గదిలో ఉంటున్నాయి. వాటికి ఇల్లు వెతుకుతూ వెతుకుతూ చివరకు మా ఇల్లే దొరికింది. నిఘంటువుల అడుగు అరను ఖాళీ చేయవలసి వచ్చింది. కొరికినా కొరకకపోయినా అందులో కుందేలు అన్న మాట దగ్గర నేనే పెన్సిలుతో ఒక గీత గీసుకున్నాను.

కార్తికమాసంలో మళ్ళీ బెలుం వెళ్ళాము. ఈసారి బుట్టలు లేవు. వేపచెట్టు కింద అవ్వ ఉన్నది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది.

"ఏం చేసినారు సామీ వాటిని?"

నేను వేళ్ళు ముడుస్తూ చెప్పాను. నంద్యాలలో ఒకటి, తిరుపతిలో ఒకటి, ఆళ్ళగడ్డలో రెండు, మా ఇంట్లో రెండు. ఆరుకు ఆరూ లెక్క సరిపోయిందని కొంచెం గర్వంగానే ఆగాను.

మా అమ్మాయి ఆగలేదు. "ఏడోది ఉండేదవ్వా," అన్నది. "ఎండకు చచ్చిపోయింది. మేము నీళ్ళు పెట్టలేదు."

అవ్వ దాని మొహంలోకి కొంతసేపు చూసింది. ఒక దోసకాయ తీసి, నాలుగు చీలికలు చేసి, ఉప్పూకారం అద్ది దాని చేతిలో పెట్టింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతే వద్దని తల అడ్డంగా ఊపింది.